అంతాల నడుమ ఎరుక: పారాయణవర్గంలో బావరి కథ – పరిశీలన

వ్యాససంగ్రహం:

పాలీ సుత్తనిపాతంలో అయిదవదైన పారాయణవర్గం గోదావరీతీరంలో ఆశ్రమవాసం చేసిన బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడి కథతో మొదలవుతుంది. తెలుగునాట ఈ రచన ఎక్కువగా చరిత్రకు ఆధారంగానే ప్రస్తావనకు వస్తోంది. దీనిని సాహిత్యపాఠంగా చదివి, ఇందులోని ‘నడుమ’ అనే భావన స్వరూపాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. మధ్యమమార్గం అంటే రెండు విపరీతాల మధ్య కుదిరే సర్దుబాటు అన్న అర్థం నేటి వాడుకలో స్థిరపడింది. పారాయణవర్గం చూపే నడుమ అది కాదని, రెండు కొసలను ఎరిగిన తరువాత నడుమకు కూడా అంటుకోని ఎరుక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బావరి భయం, తిస్సమెత్తేయ్యుని ప్రశ్న, పోసాలుని ప్రశ్న, పింగియుని ముగింపు గాథలు ఇందుకు ప్రధానాధారాలు.

కీలకపదాలు: పారాయణవర్గం, సుత్తనిపాతం, బావరి, పింగియ, మధ్యమమార్గం, ఉభయాంతాలు, ఉత్తర తెలంగాణ బౌద్ధం, ధూళికట్ట.

1. ఉపోద్ఘాతం:

‘మధ్యేమార్గం’ అనే మాట నేటి తెలుగులో విరివిగా వినిపిస్తుంది. ఇద్దరి తగవులో చెరిసగం ఒప్పించడాన్ని, ఏ పక్షమూ తీసుకోకుండా తప్పుకోవడాన్ని, సంపాదనను విశ్రాంతితో సరితూచుకోవడాన్ని కూడా ఈ ఒక్క మాటతోనే చెబుతున్నారు. వ్యక్తిత్వ వికాస రచనల్లో ఇది ‘సమతుల్య జీవనం’గా మారింది. ‘అతి సర్వత్ర వర్జయేత్’ అనే నానుడి కూడా ఈ అర్థానికే తోడు నిలుస్తుంది. ఈ వాడుకలన్నింటిలో ఒక పోలిక ఉంది. వీటిలో నడుమ అనేది కొలతకు సంబంధించినది. ఎక్కువనూ తక్కువనూ కొలిచి, వాటి మధ్య ఒక బిందువును పట్టుకుంటే సరిపోతుందని ఇవి భావిస్తాయి.

మనిషి తన బతుకుకు అర్థం వెతుక్కునే సందర్భంలో ఈ కొలత ఎంతవరకు పనికివస్తుందన్నది ఆలోచించవలసిన విషయం. భోగంలో మునిగినవాడికి కొంత తగ్గించుకొమ్మని, కఠోరనియమంలో ఉన్నవాడికి కొంత సడలించుకొమ్మని చెప్పవచ్చు. అన్నీ వదిలిన తరువాత కూడా భయం వదలని మనిషికి ఏ కొలత చెప్పాలి? పారాయణవర్గం సరిగ్గా అటువంటి మనిషితోనే మొదలవుతుంది. ఆ మనిషి గోదావరీతీరవాసి కావడం వల్ల ఉత్తర తెలంగాణ సాహిత్య, చరిత్ర పరిశోధకులకు ఈ పాఠంతో అదనపు సంబంధం కూడా ఉంది.

2. పారాయణవర్గం – నిర్మాణం, ప్రాచీనత:

పారాయణవర్గంలో మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది వత్థుగాథ. ఇది బావరి కథను చెప్పే ప్రస్తావన. రెండవది పదహారుమంది శిష్యులు బుద్ధుణ్ణి అడిగిన ప్రశ్నలు, ఆయన సమాధానాలు. అజితుడితో మొదలై పింగియుడితో ముగిసే ఈ వరుసలో ప్రతి శిష్యుడి ప్రశ్నా ఒక ప్రత్యేక ఘట్టం. మూడవది శిష్యులలో పింగియుడు తిరిగివచ్చి బావరికి చెప్పే ముగింపు గాథలు. ‘పారాయణం’ అంటే ఇక్కడ ఆవలి ఒడ్డుకు చేరడం. తెలుగులో నిత్యపఠనం అనే అర్థం స్థిరపడిన ఈ మాట ప్రశ్నల్లో చాలాచోట్ల కనిపించే ప్రవాహం, దాటడం, ఒడ్డు అనే చిత్రాలతో ముడిపడి ఉంది.

ప్రశ్నల భాగం బౌద్ధవాఙ్మయంలో చాలా పాతదిగా పండితులు పరిగణిస్తారు. సంయుత్త, అంగుత్తర నికాయాల్లోని సుత్తాలు పారాయణాన్ని పేరుతో పేర్కొని, అందులోని ప్రశ్నలకు వివరణ ఇవ్వడమే ఇందుకు ముఖ్యాధారం. చూళనిద్దేసం అనే ప్రాచీన వ్యాఖ్యానగ్రంథం ప్రశ్నలను, ముగింపు గాథలను వివరించి, వత్థుగాథను మాత్రం వ్యాఖ్యానించకుండా విడిచిపెట్టింది. దీన్నిబట్టి బావరి కథ తరువాత చేరిన ప్రస్తావన అన్న అభిప్రాయం బలపడింది.

కాలం రీత్యా ఈ విభజన సమంజసమే. కాని సాహిత్యవిమర్శకు మరో ప్రశ్న మిగులుతుంది. ఈ ప్రశ్నలకు ముందు ఈ కథనే ఎందుకు చేర్చారు? ప్రస్తావనను కూర్చినవారు ప్రశ్నల సారాన్ని గ్రహించి, దానికి తగిన పాత్రను నిలిపారని కింది విశ్లేషణలో గమనించవచ్చు.

3. బావరి నేల – ఉత్తర తెలంగాణ సందర్భం:

వత్థుగాథ ప్రకారం బావరి కోసల దేశపు నగరం విడిచి దక్షిణాపథానికి వచ్చాడు. అస్సక రాజ్యంలో, అళక రాజ్యానికి దగ్గరగా, గోదావరి ఒడ్డున ఏరుకున్న గింజలతో, పండ్లతో జీవించాడు. అళకకు మూళక అనే పాఠాంతరం ఉంది. వ్యాఖ్యానం ఈ రాజులను అంధక రాజులుగా చెబుతుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని, నేటి నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదనకుర్తిని బావరి ఆశ్రమస్థానంగా తెలంగాణ చరిత్రకారులు కొందరు గుర్తిస్తారు. గోదావరి పాయల నడుమ ఆ ఊరు ఉండటం, వ్యాఖ్యానంలో గోదావరి చీలి ద్వీపంగా ఏర్పడిన చోటు ప్రస్తావన ఉండటం ఈ గుర్తింపుకు బలమిచ్చాయి. శిష్యుల ప్రయాణంలో మొదటి మజిలీ అళకలోని ప్రతిష్ఠానం, అంటే నేటి పైఠన్. ఆశ్రమం దానికి ఎంత దూరంలో ఉందో పాఠం చెప్పదు.

ఈ ప్రాంతంలో బౌద్ధం వేళ్లూనుకున్నదనడానికి పురావస్తు ఆధారాలు దృఢంగా ఉన్నాయి. జమ్మికుంట నుంచి మానేరు దాటి వెళితే పెద్దపల్లి ప్రాంతంలోని ధూళికట్ట వస్తుంది. 1970ల దశకంలో అక్కడ జరిగిన తవ్వకాల్లో మట్టికోటతో పాటు సున్నపురాతి ఫలకాలు తాపిన బౌద్ధస్తూపం బయటపడింది. పడగలు విప్పిన ముచిలింద నాగశిల్పం అక్కడి ఫలకాల్లో ప్రసిద్ధమైనది. పెద్దబంకూరులో శాతవాహనుల కాలపు కట్టడాలు, విస్తారమైన నాణేలు దొరికాయి. గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో లభించిన సిముకుని నాణేలు శాతవాహనుల ఆరంభచరిత్ర చర్చనే మలుపుతిప్పాయి.

ఈ ఆధారాలు శాతవాహన యుగపు బౌద్ధాన్ని నిరూపిస్తాయి. బావరి అనే వ్యక్తిని నిరూపించవు. ఈ రెండింటి మధ్య తేడాను పాటించడంలో రెండు విపరీతాలు ఎదురవుతుంటాయి. బుద్ధుని జీవితకాలంలోనే గోదావరీతీరం బౌద్ధాన్ని స్వీకరించిందని కథను అక్షరాలా చరిత్రగా చెప్పుకోవడం ఒకటి. ప్రస్తావన తరువాతి చేర్పు కనుక దానితో ఈ నేలకు సంబంధమే లేదని తోసిపుచ్చడం రెండవది. కథ కల్పితమైనా, దాన్ని కూర్చినవారు సత్యాన్వేషణ మొదలయ్యే చోటుగా గోదావరి ఒడ్డునే ఎన్నుకున్నారన్నది పాఠంలో ఉన్న వాస్తవం. ఆ ఎన్నికకు సాహిత్యపరమైన విలువ ఉంది. మగధలోనో కోసలలోనో ఉన్న జిజ్ఞాసువు బుద్ధుని దగ్గరికి సులువుగా నడిచివెళ్లగలడు. వెళ్లలేనంత దూరంలో, వెళ్లలేని వయసులో ఉన్నవాడికి ఎరుక ఎలా అందుతుందన్న ప్రశ్న వేయడానికి దక్షిణాపథం అనువైన చోటు.

4. బావరి – అన్నీ ఇచ్చినవాడి భయం:

బావరి అకించనతను, అంటే ‘ఏమీ లేనితనా’న్ని కోరి దక్షిణానికి వచ్చాడని పాఠం మొదట్లోనే చెబుతుంది. ఆశ్రమానికి దగ్గరి ఊరినుంచి వచ్చిన ఆదాయంతో అతడు మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా ఇచ్చివేసి మళ్లీ ఆశ్రమంలోకి వెళ్లాడు. అప్పుడు మరో బ్రాహ్మణుడు వచ్చాడు. అతని పాదాలు అరిగి ఉన్నాయి, పళ్లు పాచిపట్టి ఉన్నాయి, తలనిండా దుమ్ము ఉంది. అతడు 500 ఇమ్మన్నాడు. ఇవ్వదగినదంతా ఇచ్చేశానని, క్షమించమని బావరి వేడుకున్నాడు. ఇవ్వకపోతే ఏడవనాటికి తల ఏడు ముక్కలవుతుందని వచ్చినవాడు ఏదో తంతు జరిపి శపించాడు. బావరి తిండి మానేసి, శోకంతో కృశించాడు. అతని మనసు ధ్యానంలో నిలవలేదు.

ఈ ఘట్టంలోని విపర్యయం గమనార్హం. ఉన్నవాడికి పోతుందన్న భయం ఉంటుందని, ఏమీ లేనివాడు నిర్భయుడని సాధారణ నమ్మకం. బావరి దగ్గర పోగొట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. అయినా ఒక మోసగాడి మాట అతణ్ణి కుదిపివేసింది. సంపద పోయినా, అది ఎవరిదో ఆ ‘నేను’ మిగిలింది. త్యాగం చివరి కొసకు చేరిన చోట కూడా స్వీయ ఎరుక కలగలేదని ప్రస్తావన చెప్పకనే చెబుతుంది. యజ్ఞంనుంచి ఉపవాసానికి, దానంనుంచి శోకానికి ఒక కొసనుంచి మరో కొసకు ఊగిన బావరి స్థితి పాఠానికి ఆరంభబిందువు.

4.1. ‘తల’ చిత్రం:

వత్థుగాథ నిర్మాణమంతా ‘తల’ అనే ఒక్క చిత్రం చుట్టూ అల్లుకొని ఉంది. శపించినవాడి తల దుమ్ముకొట్టుకొని ఉంది. అతడు భయపెట్టింది బావరి తల గురించి. బావరిపై జాలిపడిన దేవత, ఆ బ్రాహ్మణుడు ధనం కోరే కపటి అని, అతడికి తల అంటే ఏమిటో, తల పగలడం అంటే ఏమిటో తెలియదని చెబుతుంది. తనకూ తెలియదని దేవత ఒప్పుకోవడం ఇక్కడి విశేషం. తెలిసినవాడు బుద్ధుడొక్కడేనని ఆమె బావరిని అటువైపు మళ్లిస్తుంది.

శిష్యులు మగధలోని పాసాణక చైత్యం దగ్గర బుద్ధుణ్ణి కలిసి ఈ ప్రశ్న అడుగుతారు. అవిద్యే తల అని, శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందం, వీర్యాలతో కూడిన విద్య ఆ తలను పగలగొట్టేదని సమాధానం వస్తుంది. శాపంలోని మాట అలాగే ఉండి అర్థం తలకిందులైంది. బావరి దేనికి భయపడ్డాడో అదే కోరదగినదైంది. సమాధానం విన్న శిష్యుడు సంతోషంతో ఉప్పొంగి, తన తలను బుద్ధుని పాదాలపై వంచుతాడు. దుమ్ముపట్టిన తలతో మొదలైన చిత్రం వంగిన తలతో ముగిసింది. భయాన్ని అణచివేయమని గాని, పట్టించుకోవద్దని గాని పాఠం చెప్పలేదు. దేనికి భయపడుతున్నామో దాన్ని చూడమంది. ప్రశ్నల భాగంలో విస్తరించే పద్ధతికి ఇది మొదటి నమూనా.

5. తిస్సమెత్తేయ్యుని ప్రశ్న – రెండు కొసలు, నడుమ, కుట్టు:

ఈ వ్యాసానికి కేంద్రమైనది రెండవ శిష్యుడు తిస్సమెత్తేయ్యుని ప్రశ్న. లోకంలో తృప్తుడు ఎవరు, చలనం లేనివాడు ఎవరు, రెండు కొసలను ఎరిగి ప్రజ్ఞతో నడుమ అంటకుండా ఉండేది ఎవరు, కుట్టేదాన్ని దాటినది ఎవరు అని అతడు అడుగుతాడు. ఇక్కడ ‘అంటడం’ అన్న అర్థంలో వచ్చిన పాలీ క్రియ ‘లిప్పతి’. తెలుగులోని లేపనం, లిప్తం వంటి తత్సమాలకు మూలమైన ధాతువే దానికీ మూలం. పూత పూసినట్టు అంటుకోవడం దీని భావం. కనుక ప్రశ్న నడుమను చేరడం గురించి కాదు, నడుమ కూడా ఒంటికి పూసుకోకుండా ఉండటం గురించి. మొదటి ధర్మోపదేశంలో కామసుఖంలో మునగడం, ఆత్మపీడనం అనే రెండు అంతాలను విడిచి మధ్యమమార్గాన్ని అవలంబించమని చెప్పింది. పారాయణం ఆ ఆలోచనను మరో మెట్టు ముందుకు తీసుకువెళ్లింది.

5.1. ఆరు వ్యాఖ్యానాలు:

ఈ గాథకు అర్థమేమిటన్న చర్చ అంగుత్తరనికాయం ఛక్కనిపాతంలో నమోదైంది. వారణాసి దగ్గరి ఇసిపతనంలో, భోజనానంతరం మండపంలో కూర్చున్న స్థవిర భిక్షువులు ఒక్కొక్కరు ఒక్కో వివరణ ఇస్తారు. మొదటివాడి దృష్టిలో స్పర్శ ఒక కొస, స్పర్శ పుట్టుక రెండవ కొస, స్పర్శనిరోధం నడుమ. రెండవవాడికి గతం, భవిష్యత్తు కొసలు, వర్తమానం నడుమ. మూడవవాడికి సుఖదుఃఖాలు కొసలు, ఆ రెండూ కాని వేదన నడుమ. నాలుగవవాడికి నామరూపాలు కొసలు, విజ్ఞానం నడుమ. అయిదవవాడు ఆరు ఇంద్రియాలను, ఆరు విషయాలను కొసలుగా, విజ్ఞానాన్ని నడుమగా చెప్పాడు. ఆరవవాడు సత్కాయం, దాని పుట్టుక, దాని నిరోధం అన్న వరుసను చూపాడు. కుట్టేది తృష్ణ అన్న విషయంలో మాత్రం ఆరుగురికీ భేదం లేదు. వారు బుద్ధుణ్ణి అడగగా, అందరూ తమ తమ రీతిలో బాగానే చెప్పారని మెచ్చి, తన ఉద్దేశం మాత్రం మొదటి వివరణేనని ఆయన చెప్పాడు.

సాహిత్యవ్యాఖ్యాన చరిత్రలో ఇది అరుదైన సన్నివేశం. కర్త తన ఉద్దేశాన్ని స్పష్టం చేస్తూనే ఇతర పఠనాలను తప్పుగా నిరాకరించలేదు. రెండవ, మూడవ వివరణలు ‘నడుమ’ను గురించిన సులువైన నమ్మకాలను ప్రశ్నిస్తాయి. గతాన్ని, భవిష్యత్తును వదిలి వర్తమానంలో జీవించమన్న సలహా నేడు చాలా పుస్తకాల్లో తుది మాటగా కనిపిస్తుంది. ఆ భిక్షువు పఠనం ప్రకారం వర్తమానం కూడా తృష్ణ కుట్టగల నడుమే. సుఖమూ దుఃఖమూ కాని తటస్థస్థితి కూడా అంతే. ఉదాసీనతను ప్రశాంతతగా భ్రమించేవాడు నడుమకు అంటుకుపోయినవాడు.

5.2. కుట్టేది:

తృష్ణకు వాడిన ‘సిబ్బినీ’ అనే మాట స్త్రీలింగరూపం. కుట్టేది అని దాని అర్థం. అగ్ని, ప్రవాహం, బాణం వంటివి తృష్ణకు బౌద్ధవాఙ్మయంలో తరచుగా కనిపించే పోలికలు. అవి కాల్చేవి, కొట్టుకుపోయేలా చేసేవి, గుచ్చుకొనేవి. కుట్టు అటువంటిది కాదు. అది ఇంట్లో నిత్యం జరిగే పని, హింసలేనిది, ఉపయోగకరమైనది కూడా. పత్తి మార్కెట్‌కు పేరుపొందిన జమ్మికుంటలో, మగ్గాల సిరిసిల్లలో దూది దారమై, దారం బట్టయ్యే క్రమం తెలిసిన పాఠకుడికి ఈ పోలిక బలం సులభంగా పట్టుబడుతుంది. రెండు గుడ్డముక్కల అంచులను కలిపేటప్పుడు సూది ఈ అంచుకూ ఆ అంచుకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. కుట్టు పూర్తయ్యాక దారం కనిపించదు, రెండు ముక్కలు మొదటినుంచీ ఒకటే అనిపిస్తాయి. సుఖాన్నీ దుఃఖాన్నీ, నిన్ననూ రేపునూ కలిపి ‘ఇదే నేను’ అనిపించే పని తృష్ణ ఇలాగే చేస్తుంది. ఎరుక అంటే బట్టను చింపడం కాదు, కుట్టు ఎక్కడ పడిందో చూడగలగడం. విపరీతత్యాగం బట్టను చింపుతుంది, సూదిదారాలను మాత్రం తాకదు. బావరి స్థితికి ఈ పోలిక సరిపోతుంది.

6. వీణ తీగ – కుట్టు: రెండు ఉపమానాల భేదం:

మధ్యమమార్గాన్ని వివరించేటప్పుడు ఎక్కువగా ఉదాహరించేది సోణుడి కథలోని వీణ పోలిక. ఇదీ ఛక్కనిపాతంలోనిదే. రాజగృహ సమీపంలో తీవ్రసాధన చేసిన సోణుడు ఫలితం కనిపించక, ఇంటికి వెళ్లి సంపదను అనుభవిస్తూ పుణ్యకార్యాలు చేసుకోవచ్చని తలపోస్తాడు. తీగలు మరీ బిగిసినా, మరీ వదులైనా వీణ పలకదని, శ్రుతి సమంగా ఉండాలని బుద్ధుడు అతడికి చెబుతాడు.

ఈ పోలిక కొలతకు సంబంధించినది. ప్రయత్నం ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఇది జవాబు. కుట్టు పోలిక ప్రయత్నించేవాడి గురించినది. ఎవరు దేనికి అంటుకున్నారన్న ప్రశ్నకు అది జవాబు. ఆధునిక వాడుక మొదటి పోలికను మాత్రమే స్వీకరించి, మధ్యమమార్గం మొత్తాన్ని శ్రుతి సరిచేయడంగా కుదించింది. రెండూ కలిసినప్పుడే భావన పూర్తవుతుంది. శ్రుతి కుదిరిన వీణను ‘నా వీణ’ అని పట్టుకుంటే అది తిస్సమెత్తేయ్యుడు అడిగిన నడుమకు అంటడమే.

పోసాలుని ప్రశ్న ఈ అంశాన్ని మరింత సూటిగా చూపుతుంది. లోపలా బయటా ఏమీ లేదని చూసేవాడి జ్ఞానం ఎటువంటిదని అతడు అడుగుతాడు. ఆ ఏమీ లేనితనం కూడా ఎలా పుడుతుందో ఎరగాలని, అందులోని ఆనందమే బంధమని సమాధానం. బావరి కోరి వచ్చింది ఆ ఏమీ లేనితనాన్నే అన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ప్రస్తావనలోని కోరికకు పద్నాలుగవ ప్రశ్నలో సమాధానం దొరికింది. ప్రస్తావన తరువాత చేరినదైనా ప్రశ్నలతో దానికి ఉన్న అంతస్సంబంధం ఇంత గట్టిది.

7. ఎరుకకు ఆసరా ఏది?:

మిగిలిన ప్రశ్నల్లో కొన్నింటిని కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. యజ్ఞాలు చేసిన ఋషులు జన్మజరలను దాటారా అని పుణ్ణకుడు అడుగుతాడు. ఫలం ఆశించి చేసినవారు దాటలేదని జవాబు. గురువు చేసిన మహాయజ్ఞం కూడా ఈ జవాబు పరిధిలోకే వస్తుంది. మునిత్వం జ్ఞానంవల్లనా, జీవనవిధానంవల్లనా అని నందుడు అడుగుతాడు. చూసినదానితో, విన్నదానితో, తెలిసినదానితో మునిని నిర్ణయించలేమని జవాబు. తన సందేహాలనుంచి విడిపించమని ధోతకుడు వేడుకుంటాడు. సందేహంలో ఉన్నవాణ్ణి ఎవరినీ తాను విడిపించలేనని, ధర్మాన్ని ఎరిగి ధోతకుడే దాటాలని బుద్ధుడు చెబుతాడు.

కర్మ, పాండిత్యం, గురువు అనే మూడు ఆసరాలు ఈ విధంగా ఒక్కొక్కటిగా తొలగిపోతాయి. అలాగని అన్ని ఆసరాలనూ నిరాకరించడం కూడా పాఠం ఉద్దేశం కాదు. ఆసరా లేక ఒంటరిగా మహాప్రవాహాన్ని దాటలేనన్న ఉపసీవుడికి స్మృతితో కూడిన ఒక ఆలంబనాన్ని బుద్ధుడు చూపుతాడు. అడిగినవాడి స్థితిని బట్టి ఆసరాను తీయడం, ఇవ్వడం రెండూ జరిగాయి. సమాధానాలు పరస్పరవిరుద్ధంగా కనిపించే చోట్ల ఈ ఔచిత్యాన్ని గమనించాలి.

మోఘరాజు రెండుసార్లు అడిగి జవాబు పొందక మూడవసారి అడుగుతాడు. లోకాన్ని ఎలా చూసేవాణ్ణి మృత్యువు చూడలేదన్నది అతని ప్రశ్న. ‘నేను’ అనే దృష్టిని తీసివేసి, లోకాన్ని శూన్యంగా చూడమని జవాబు. ఈ శూన్యదృష్టి తరువాతి కాలంలో ఆచార్య నాగార్జునుడి చేతిలో శాస్త్రరూపం పొందింది. ఉంది, లేదు అనే రెండు అంతాలను నిరాకరించిన కాత్యాయన ఉపదేశాన్ని ఆయన మూలమధ్యమకకారికలో పేర్కొన్నాడు. ఆయన సుహృల్లేఖను ఒక శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెబుతుంది. పారాయణం మాత్రం తర్కంలోకి వెళ్లలేదు. మరణభయం ఉన్న మనిషి అడిగిన ప్రశ్నగానే దాన్ని నిలిపింది. ఈ కారణంగానే ఈ వ్యాసంలో ‘ఆత్మజ్ఞానం’ అనే మాటకు బదులు ‘స్వీయ ఎరుక’ అన్నది వాడవలసి వచ్చింది. శాశ్వతమైన ఆత్మను కనుగొనడం ఇక్కడి లక్ష్యం కాదు, ‘నేను’ అన్నది ఎలా కుట్టబడిందో తెలుసుకోవడం లక్ష్యం.

8. పింగియుడు – వెళ్లలేనివాడి మార్గం:

చివరి ప్రశ్న పింగియుడిది. తాను ముసలివాణ్ణని, బలం తగ్గిందని, కన్ను సరిగా ఆనదని, చెవి సరిగా వినపడదని, అయోమయంలో చనిపోకూడదని అతడు చెప్పుకుంటాడు. పదహారుమందిలో తన శరీరం గురించి ఇంత నేరుగా చెప్పుకున్నది ఇతడే. అతడే గోదావరీతీరానికి తిరిగివచ్చి, 120 ఏళ్ల బావరికి తాను చూసింది, విన్నది చెబుతాడు.

బావరి ఒక సూటి ప్రశ్న వేస్తాడు. అంతటి బోధకుణ్ణి వదిలి క్షణమైనా ఎలా ఉండగలుగుతున్నావని అడుగుతాడు. పింగియుడి జవాబు ఈ వర్గానికి శిఖరం. తాను ఆయననుంచి దూరంగా లేనని, రాత్రీ పగలూ మనసుతో కంటితో చూసినట్టే చూస్తున్నానని, శిథిలమైన శరీరం అక్కడికి వెళ్లలేకపోయినా మనసు ఆయనతో కూడి ఉందని చెబుతాడు. చిన్నపొదను వదిలి పండ్లతో నిండిన అడవిని చేరిన పక్షిలా, పెద్దకొలనును చేరిన హంసలా ఉన్నానంటాడు.

పోలికలన్నీ చేరడం గురించినవి. చెప్పేవాడు మాత్రం వెనక్కి వచ్చినవాడు, మళ్లీ వెళ్లలేనివాడు. ఈ వైరుధ్యమే గాథల సౌందర్యానికి మూలం. సత్యం కోసం ఊరు వదలడం ఒక కొస, ఊరు కదలకుండా యజ్ఞంతో సరిపెట్టుకోవడం మరో కొస. పింగియుడు వెళ్లాడు, విన్నాడు, తిరిగివచ్చాడు. వృద్ధాప్యాన్ని జయించాననలేదు, దానికి లొంగిపోనూ లేదు. శరీరం ఎంతవరకు వెళ్లగలదో అతడు ఎరుగును. ఆ హద్దును ఎరగడం కూడా స్వీయ ఎరుకలో భాగమే.

9. ఒక అభ్యంతరం:

ఈ పఠనానికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. తిస్సమెత్తేయ్యుడికి ఇచ్చిన సమాధానంలో కామవిషయాల్లో బ్రహ్మచర్యం, తృష్ణారాహిత్యం, నిత్యస్మృతి చెప్పబడ్డాయి. ఇది భిక్షుజీవిత ఆదర్శం. దీన్ని సామాన్య జీవితంలో విపరీతాలకు పోకుండా ఉండటానికి అన్వయించడం పాఠాన్ని పలచబరచడం అవుతుందా?

పారాయణాన్ని గృహస్థుల కరదీపికగా మార్చడం నిజంగానే సరికాదు. కాని దీన్ని ఎవరు చదివారన్న దానికి నికాయాల్లోనే సాక్ష్యం ఉంది. అంగుత్తరనికాయం సత్తకనిపాతంలో వేళుకంటకి నందమాత అనే గృహస్థురాలు తెల్లవారకముందే లేచి పారాయణాన్ని గానం చేస్తుంది. ఆ తరువాత సారిపుత్తుడితో మాట్లాడుతూ, తన ఒక్కగానొక్క కొడుకును రాజులు పట్టుకొని చంపినప్పుడు కూడా తన మనసు చెదరలేదని చెబుతుంది. ఆమె సాధన సామాన్యమైనది కాదన్నది నిజమే. అయినా ఆమె ఇల్లు వదలలేదు. భిక్షువుల మండపంలో వ్యాఖ్యానానికి వచ్చిన పాఠమే ఒక తల్లి ఇంట్లో తెల్లవారుజామున పలికింది. పాఠం కఠినతను తగ్గించకుండానే, దాన్ని వినే హక్కును ఇంటివారికి కూడా నికాయాలు ఇచ్చాయి. బావరి మోసగాడికి భయపడి తిండి మానేశాడు, నందమాత కొడుకును కోల్పోయి కూడా నిలిచింది. వేషం, ఆశ్రమం నిలకడను ఇవ్వలేవన్న మాటకు వీరిద్దరి పోలికే చాలు.

10. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. పారాయణవర్గంలో ‘నడుమ’ రెండు విపరీతాల మధ్య బిందువు కాదు. రెండు కొసలనూ ఎరిగి, నడుమకు కూడా అంటుకోకుండా ఉండే ఎరుకను ఈ పాఠం ప్రతిపాదించింది. ‘మధ్యేమార్గం’ అనే నేటి వాడుక ఈ భావనలో ఒక పార్శ్వాన్ని మాత్రమే చెబుతోంది.

2. వత్థుగాథ కాలం రీత్యా తరువాతిదైనా, ప్రశ్నల భాగంతో దానికి గాఢమైన సంబంధం ఉంది. బావరి అకించనతాకాంక్షకు పోసాలుని ప్రశ్న, మహాయజ్ఞానికి పుణ్ణకుని ప్రశ్న సమాధానాలుగా నిలుస్తాయి.

3. సర్వస్వదానం తరువాత కూడా బావరిని వదలని భయం, విపరీతత్యాగం స్వీయ ఎరుకకు ప్రత్యామ్నాయం కాదని నిరూపిస్తుంది. ‘తల’ చిత్రం ద్వారా భయం జ్ఞానంగా మారిన తీరు ప్రస్తావన కర్తల నేర్పుకు నిదర్శనం.

4. తృష్ణను కుట్టుతో పోల్చడం ఈ పాఠంలోని విశిష్టమైన కల్పన. వీణ పోలికతో కలిపి చదివినప్పుడే మధ్యమమార్గ భావన సమగ్రమవుతుంది.

5. బాదనకుర్తి గుర్తింపు చర్చకు అతీతం కాదు. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల ఆధారాలు ఈ ప్రాంతపు ప్రాచీనసంస్కృతిని చెబుతాయి, బావరి వ్యక్తిచరిత్రను చెప్పవు. ప్రాంతీయాభిమానం, నిరాకరణ అనే రెండు అంతాలనూ దాటి పాఠాన్ని పాఠంగా చదివినప్పుడే ఈ నేలకు దానితో ఉన్న నిజమైన బంధం వెల్లడవుతుంది.

బావరి తానుగా బుద్ధుణ్ణి చూడలేదు. గోదావరి ఒడ్డునే ఉండి, వెళ్లివచ్చిన మరో ముసలివాడి మాటల్లో విన్నాడు. బుద్ధుణ్ణి చూడని తరువాతి తరాల పాఠకులందరి స్థానం కూడా బావరిదే. ఉత్తర తెలంగాణ కళాశాలల్లో బౌద్ధసాహిత్యాన్ని బోధించేటప్పుడు బావరిని చరిత్రపాఠంలో ఒక పేరుగా మాత్రమే ప్రస్తావించి విడిచిపెట్టక, అతని భయంతో, పింగియుడి రాకతో కలిపి పారాయణవర్గాన్ని సాహిత్యపాఠంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.